ఐసుగడ్డ మీద పెళ్లిచూపులు

"ఇదేంది చిన్నరంగప్పా, పెళ్లిచూపులని చెప్పి ఐసు ఫ్యాక్టరీకి తోలుకొచ్చినావు?"

నారప్ప గొంతు ఆ పెద్ద హాలంతా మోగింది.

పెళ్లిళ్ల మధ్యవర్తి చిన్నరంగప్ప నొచ్చుకోలేదు. "ఫ్యాక్టరీ కాదప్పా, ఆటల కాంప్లెక్సు. బెంగళూరులో ఇప్పుడు ఇదే గొప్ప. వానలేదు, ఎండలేదు, అన్ని ఆటలూ ఒకే కప్పు కిందనే."

"వానలేనిది మా మంగళవాడలో కూడా ఉండాది. దానికి ఇంత దూరం రావల్లనా?"

నారప్ప కూతురు పాలాక్షికి మూడేళ్లుగా సంబంధాలు చూస్తున్నాడు. వచ్చినవాళ్లు వచ్చినట్టే, ఆకువక్క ముట్టకుండా లేచిపోతున్నారు. కరువు ఊరి పిల్లంటే అంతేనప్పా, అని నారప్ప అందరికీ చెప్పుకునేవాడు. ఈ సంబంధమైనా నిలబెట్టమని కదిరి నరసింహస్వామికి ముడుపు కట్టి, పొద్దు పుట్టకముందే ఇంటిల్లిపాదితో బస్సెక్కాడు. భార్య తిప్పమ్మను, పాలాక్షిని అటువైపు బూట్లిచ్చే గదికి పంపి తాను మాత్రం నేరుగా లోపలికి వచ్చాడు.

ఒక పక్క షటిల్ ఆడుతున్నారు. ఇంకో పక్క బల్ల మీద కోడిగుడ్డంత బంతిని ఇద్దరు అటూ ఇటూ కొట్టుకుంటున్నారు. నడుమ నాలుగు కళ్లాలంత ఐసు నేల. దానిమీద ఆడా మగా కత్తుల బూట్లు తొడుక్కుని, కమ్మీ పట్టుకుని, ఊగుతూ, పడుతూ, లేస్తూ ఉన్నారు. ఒక్కరూ తిన్నగా నడవడం లేదు.

"శనక్కాయ చెట్టు ఊడలు దిగేటప్పుడు ఒక్క తడికి నీళ్లు లేవు మాకు. ఈళ్లు నీళ్లు గడ్డకట్టించి తొక్కుతా ఉండారు. దుడ్డిచ్చి మరీ కింద పడతా ఉండారు. థూ!"

"ఈడ ఉమ్మేయగూడదప్పా," అన్నాడు చిన్నరంగప్ప.

అబ్బాయి తల్లి కెంచమ్మ బెంచీ మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉంది. పాత కరువులో మంగళవాడ వైపే ఉండే నిడుగల్లు ఊరు వదిలిన కుటుంబం. ఇప్పుడు బెంగళూరులో సొంత ఇల్లు. ఆమె నారప్ప పంచె అంచు చూసింది.

"మంగళవాడేనా అన్నా? ఆ ఎర్రమన్ను చూస్తేనే తెలుస్తాది."

"మీదీ ఆ మన్నే గదమ్మా. గట్టిగా కడుక్కున్నట్టుండారు."

కెంచమ్మ మూతి బిగించింది. "అవునూ, ఈడ చూసుకుందామనేది ఎవరి తెలివో?"

ఇద్దరూ చిన్నరంగప్ప వైపు చూశారు. అతడు షటిల్ ఆటలో మునిగిపోయాడు. రెండోసారి ఎవరూ అడగలేదు.

"అదో, నీలం స్వెట్టరు. మావాడు గంగాధర," అంది కెంచమ్మ.

గంగాధర కమ్మీ వదిలి రెండడుగులు వేశాడు. పడ్డాడు.

"పెద్ద ఉద్యోగం అంటిరి. నిలబడేది నేర్పలేదా ఆఫీసులో?"

"ఐసు మీద ఎవరు నిలబడతారన్నా? మీ పాప రానీలే, చూస్తాం."

అవతలి గేటులోంచి పాలాక్షి వచ్చింది. చీర కుచ్చిళ్లు నడుముకు దోపుకుని, అమ్మ స్వెట్టరు తొడుక్కుని ఉంది. కమ్మీ పట్టుకుని నాలుగడుగులు వేసి దబ్బున కూలబడింది.

కెంచమ్మ పగలబడి నవ్వింది. "చేన్లో తిరిగే పిల్లకు ఇంతే బలమా?"

"మా చేన్లో ఐసు పండదులేమ్మా."

గంగాధర కమ్మీ వెంబడే వచ్చి పాలాక్షికి చెయ్యి అందించాడు. లేపబోయి తానూ పక్కనే పడ్డాడు. ఇద్దరూ ఐసు మీదే కూర్చుని ఏదో మాట్లాడుకున్నారు. వచ్చినవాళ్ల ముందు ఎన్నడూ తలెత్తని పాలాక్షి, నోరారా నవ్వుతోంది. నారప్ప ఒక క్షణం అటే చూసి మొహం తిప్పుకున్నాడు.

"పాప ముఖం లక్షణంగా ఉండాది. మాకు ఒప్పే," అంది కెంచమ్మ ఉన్నట్టుండి.

"మాకూ ఒప్పే," అన్నాడు నారప్ప ఊపిరి పీల్చుకోకుండా.

చిన్నరంగప్ప సంచిలోంచి ఆకువక్క తీశాడు. "అయితే ఈడే మార్చుకోండి. మంచి గడియ."

"స్వామి ముందర గాకుండా ఈ ఐసుగడ్డ ముందరనా?" అన్నాడు నారప్ప.

"స్వామి యాడైనా స్వామే గదప్పా."

ఆకువక్క చేతులు మారింది. మాట తప్పేది లేదని నరసింహస్వామి మీద నారప్ప ఒట్టేశాడు. కెంచమ్మా వేసింది.

బయటికి వస్తూ నారప్ప మీసం కింద నవ్వుకున్నాడు. ఇంతోటి తెలివిగలవాళ్లకు బెంగళూరు ఎట్లా అన్నం పెడుతోందో అనుకున్నాడు. పక్కన నడుస్తున్న కెంచమ్మ మొహంలోనూ అలాంటి నవ్వే ఉంది. పల్లెటూరి మొద్దును చూసి నవ్వుకునే నవ్వు.

ముందర సిమెంటు వాకిలి. నడినెత్తిన ఎండ. పక్క తలుపులోంచి గంగాధర సొంత చెప్పులు వేసుకుని బయటికి వచ్చాడు.

అది గట్టి నేల. అక్కడ ఐసు లేదు. కాళ్లకు కత్తులూ లేవు. అయినా గంగాధర లోపల ఎట్లా నడిచాడో ఇక్కడా అట్లే, ఎడమవైపుకు ఒరుగుతూ, గోడ పట్టుకుని నడిచి వస్తున్నాడు.

నారప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది. తలగుడ్డ విప్పి విదిలించాడు.

"ఏమమ్మా, కాలు సరిలేనోణ్ణి అంటగట్టనా ఈ ఐసు నాటకం? పట్నం బుద్ధి చూపించినారే! సిగ్గుండల్ల మనుషులకు!"

కెంచమ్మ ఆ మాటలేవీ వినడం లేదు. నోరు తెరుచుకుని, నారప్ప వెనక మెట్ల మీద తిప్పమ్మ భుజం ఊతగా పట్టుకుని, ఒక కాలు ఈడ్చుకుంటూ దిగివస్తున్న పాలాక్షినే చూస్తోంది.