బొద్దుపిల్లల పోటీ

1936లో, ఆరోగ్య వారం చివరి రోజున, బిలాస్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో చంటిపిల్లల పోటీ పెట్టారు.

కాలనీ హెల్త్ డిపార్ట్‌మెంటు వాళ్ళు వారం పొడుగునా దోమల మీద, ఈగల మీద, నూతినీళ్ళ మీద ఉపన్యాసాలు ఇచ్చారు. జనం అంతంతమాత్రంగా వచ్చారు. పిల్లల పోటీకి మాత్రం హాలు కిటకిటలాడింది. ఈగ సంగతి అందరికీ తెలిసిందే. ఎవరి పిల్లాడు ఎంత బొద్దో ఇంకా తేలలేదు.

కనకం పోటీ కోసం రాలేదు. బరువు తక్కువున్న పిల్లలకి డిపార్ట్‌మెంటు పాలపొడి డబ్బాలు ఊరికే ఇస్తోందని విని వచ్చింది. ఆమె కూతురు చిన్నతల్లికి ఆరో నెల. మెడ ఇంకా సరిగా నిలవలేదు. ఏడవడానికి ఓపిక లేక, నోరు తెరిచి మళ్ళీ మూసేస్తోంది. పిల్ల ఈ వానాకాలం దాటుతుందా అని కనకానికి లోపల ఒకటే భయం.

డబ్బా కావాలంటే ముందు పిల్లని త్రాసు ఎక్కించాలి. త్రాసేమో పోటీ జరిగే చోటే ఉంది. అందుకని కనకం తన అత్త అప్పయమ్మని వెంటబెట్టుకుని తల్లుల వరసలో నిలబడింది.

వాళ్ళకి ముందు మంగాయమ్మ నిలబడి ఉంది. ఆవిడ లోకో ఆఫీసు హెడ్ క్లర్కు శంకరరావు గారి భార్య. కనకం పనిచేసేది వాళ్ళింట్లోనే. కనకం మొగుడు ఎర్రయ్యని షెడ్డులో ఖలాసీగా వేయించిందీ శంకరరావు గారే. మంగాయమ్మ చంకలో ఆవిడ కొడుకు సూర్యం ఉన్నాడు. వాడికీ ఆరో నెలే. వాడి మణికట్టు ఎక్కడుందో వెతుక్కోవాలి.

సూర్యాన్ని త్రాసులో పెట్టగానే ముల్లు గిర్రున తిరిగింది. డాక్టరు దొరసాని కళ్ళజోడు సవరించుకుని మరీ చూసింది. పక్కనే నర్సమ్మ నిలబడింది. ఆవిడ రాజమండ్రి నుంచి కొత్తగా వచ్చిన మనిషి. దొరసాని మాటలు తెలుగులో చెప్పేది ఆవిడే.

“బాబుకి ఏం పెడుతున్నారని అడుగుతున్నారండీ.”

“ప్రత్యేకంగా ఏముందండీ, తల్లిపాలే,” అంది మంగాయమ్మ. “డబ్బాపాలు మా గుమ్మం తొక్కలేదు.”

దొరసాని ఎంతో సంతోషించింది. నర్సమ్మ ఆ మాట హాలంతా వినబడేలా మళ్ళీ చెప్పింది. చప్పట్లు మోగాయి. వారం మొత్తం మీద డిపార్ట్‌మెంటు వారికి ఇంత మంచి జవాబు దొరకలేదు.

తర్వాత చిన్నతల్లి వంతు. ముల్లు కదలడానికి మొహమాటపడింది.

“ఆరు నెలల పిల్లా ఇది?” నర్సమ్మ నిజంగానే కంగారుపడింది. “ఏం చేస్తున్నారమ్మా దీన్ని?”

“గుంటకి దిష్టి తగిలినాదమ్మా,” అంది అప్పయమ్మ. “పుట్టినప్పుడు ఇలగ నేదు.”

“దిష్టీ లేదు, గాలీ లేదు. నల్లమందు పెట్టి పడుకోబెడుతున్నారా?”

“నేదమ్మా,” అంది కనకం. “నాను డూటీకెలిపోతే మా అత్త గంజి పడతాది. రేత్రి వచ్చినాక కాసిన్ని పాలిస్తాను. అవి సాలట్నేదు. డబ్బా ఒకటి ఇప్పించండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను.”

నర్సమ్మకి జాలేసింది. డబ్బాల వైపు చెయ్యి చాచింది. అంతలో ఆవిడ చూపు కనకం రవిక మీద పడింది. ముందంతా తడిసిపోయి ఉంది. చాచిన చెయ్యి ఖాళీగా వెనక్కి వచ్చింది.

“ఇదేమిటి? పాలు కారిపోతుంటే చాలడం లేదంటావేం?”

కనకం గబుక్కున పైట నిండుగా కప్పుకుంది. అప్పయమ్మ ఏదో అనబోయింది. కనకం ఆమె చెయ్యి గట్టిగా నొక్కింది.

“మాటాడవేం? ఈ డబ్బాలు పాలు పడని తల్లుల కోసం. నీకిస్తే రేపు నన్నడుగుతారు. కన్నబిడ్డకి కడుపునిండా ఇవ్వడానికి నీకేం వచ్చింది?”

కనకం కళ్ళల్లోంచి నీళ్ళు పిల్ల మీద పడ్డాయి. పిల్ల ఉలిక్కిపడలేదు.

సంగతి విని దొరసాని తల అడ్డంగా ఊపింది. మంగాయమ్మని చూపించి ఏదో అంది.

“ఆవిడని చూసి నేర్చుకోమంటున్నారు,” అంది నర్సమ్మ.

“అచ్ఛా, నేను చెబుతాను లెండి,” అంది మంగాయమ్మ. “పొద్దస్తమానం మా క్వార్టర్లోనే ఉంటుంది కదా. పాపం, ఏమీ తెలీని మనిషి.”

డబ్బాకి బదులు నర్సమ్మ కనకానికి ఒక కాగితం ఇచ్చింది. దాని మీద ఏవో హిందీ అక్షరాలు, నవ్వుతున్న బొద్దుపిల్లాడి బొమ్మ ఉన్నాయి. కనకం దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది. చిన్నతల్లిని అత్త భుజాన వేసి, ఇంటికి తీసుకుపొమ్మంది. తను మాత్రం గోడవారన ఆగిపోయింది. అమ్మగారు ఇంటికి బయల్దేరేదాకా కనకానికి సెలవు లేదు.

మొదటి బహుమతి వెండి గిన్నె, చెంచా. దొరసాని పక్కన మంగాయమ్మని కుర్చీలో కూర్చోబెట్టారు. సూర్యం ఆవిడ ఒళ్ళో కూర్చున్నాడు. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చాడు.

సరిగ్గా అప్పుడే సూర్యం గుక్కపట్టాడు. గిన్నె చూపిస్తే ఊరుకోలేదు. చెంచా చేతికిస్తే విసిరికొట్టాడు. దొరసాని తన టోపీ తీసి ఆడించింది. వాడు ఇంకో స్థాయి పెంచాడు.

మంగాయమ్మ నవ్వు చెదరనివ్వకుండా లేచి, గోడవారకి వచ్చి, పిల్లాణ్ణి కనకం చేతుల్లో పెట్టి, “వేళ దాటిపోయిందే, ఆ పక్కగదిలో కూర్చుని వీడికి కడుపునిండా పాలిచ్చి తీసుకురా,” అంది మెల్లగా.