పన్నెండో సంబంధం

"మొత్తం పన్నెండు సంబంధాలు" అని కంప్యూటర్ గొంతు చదివింది. ట్యాబ్ మీట నొక్కుతూ ఒక్కొక్కటీ వింటూ పోతే పదకొండే వచ్చాయి.

వసుధ మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. ఆమెకు చూపు లేదు. తెర మీద ఏముందో ఆ గొంతు చదివితేనే తెలుస్తుంది.

అది బరంపురం వర్తకుల పెళ్ళి సంబంధాల సైటు. నంబరు మీద నొక్కితే కింద వివరాలు విచ్చుకుంటాయి. చూపులేని తన కొడుక్కి ఒక్కటీ తెరుచుకోవడం లేదని ఎవరో తల్లి ఫిర్యాదు చేసింది. సైటు తయారుచేసింది వసుధ భర్త శివరామ్. అందులో తప్పులు పట్టే పని అతని కంపెనీ నడిపే కుమారిగారు వసుధకిచ్చారు.

"సాయంత్రం అయిదుకల్లా రిపోర్టు పంపాల. అన్నీ తెరుచుకున్నాయంటే నీ ఉద్యోగం పర్మినెంటు" అన్నారావిడ ఫోన్లో.

వారంరోజులుగా వసుధ తప్పు చెప్పడం, శివరామ్ దిద్దడం.

"ఏటండీ, పన్నెండోది ఏదీ?" అని పక్క కుర్చీలో ఉన్న శివరామ్‌ని అడిగింది.

"అదా? ఊరికే టెస్టింగుకి పెట్టింది. ఒదిలెయ్యి."

"ఒదిలెయ్యడమేటి? పైన పన్నెండని సెప్తోంది కదా!"

"ఆదివారం దాకా ఉండనీ, వసూ. తరవాత నేనే తీసేస్తాను. అన్నీ బాగున్నాయని రాసెయ్యి. సూసి నేను సెప్తున్నాను కదా."

"మీరు సూస్తే సాలేటి? అందుకేనా ఈ పని నాకిచ్చారు?"

శివరామ్ నవ్వేశాడు. "ఆదివారం నేను భంజనగర్ ఎల్లాల. కొత్త పార్టీ. ఆ కొత్త సొక్కాకి గుండుసూదులు తీసి పెట్టు" అని టీకి బయటికెళ్ళాడు.

వసుధ తడుముతూ ఆరు సూదులు తీసింది. ఒకటి వేలికి గుచ్చుకుంది. చొక్కా మడతపెట్టి, సైటు వెనకుండే కోడ్ తెరిచింది.

పన్నెండో నంబరు దగ్గర ఒక చిన్న మాట దొరికింది. దీన్ని చదవొద్దు అని గొంతుకి చెప్పే మాట. మిగతా పదకొండింటికీ అది లేదు. పొరపాటున పడేదీ కాదు. ఎవరో చేత్తో రాయాలి.

వసుధకి ఒళ్ళు మండింది. దిద్దడానికి బద్ధకించి తప్పుని దాచేసేవాళ్ళని ఆమె చాలామందిని చూసింది. కానీ శివరామ్? అదీ తన పేరు మీద వెళ్ళే మొదటి రిపోర్టులో? తొమ్మిదేళ్ళుగా ఉత్తరాలు, కరెంటు బిల్లులు, మందుసీసాల మీది తేదీలు, అన్నీ అతను చదివిందే నమ్మింది.

నాలుగూ నలభై.

ఆ మాట కొట్టేసింది. మిగతావాటికున్న బటన్ దీనికీ పెట్టింది. పేజీ మళ్ళీ తెరిచి ట్యాబ్ నొక్కుతూ పోయింది.

పది. పదకొండు. పన్నెండు!

ఆమె ముఖం విప్పారింది. కుమారిగారికి రాయాల్సిన మొదటి వాక్యం అప్పుడే మనసులో కుదిరింది. ఎంటర్ నొక్కింది.

"పన్నెండు, తెరుచుకుంది" అంది గొంతు, మిగతా పదకొండూ చదివినంత మామూలుగా. "శివరామ్, ముప్పై ఎనిమిదేళ్ళు, బరంపురం, కంప్యూటర్ ఉద్యోగం, పిల్లలు లేరు, భార్య వసుధ చనిపోయి రెండేళ్ళు."