అద్దాలోళ్ల గోడ

మా గల్లీ గోడలకు ఇప్పుడు రంగులేవీ లేవు. బొమ్మలన్నీ కళ్లద్దాల్లోకి ఎక్కించారు. అద్దాలు కొని పెట్టుకున్న మారాజులకు గోడ మీద తామర కొలనులు కనబడతాయి, మాకు ఉత్త సిమెంటు. ఎవడూ ఉచ్చ పోయకుండా మేం అంటించిన దేవుళ్ల టైల్స్‌ను కూడా "బొమ్మ చెడుతోంది" అని పీకేశారు. ఇక భయమేముంది, వచ్చేపోయేవాడల్లా ఆ గోడకే నిలబడుతున్నాడు.

పొద్దున ఒకడు అలా కానిచ్చి పోయాడో లేదో, అద్దాలు పెట్టుకుని బొమ్మలు చూసే టూరు దిగింది. అద్దాల బాబు ఒకడు కొలను పక్కన ఫొటో అంటూ గోడ మొదట్లో కూర్చుని చెంప ఆనించబోయాడు.

"అయ్యో సారూ, ముట్టకుండ్రి!" అని మా అత్త యాదమ్మ అరిచింది.

"కళ మీకేం తెలుస్తుంది ఆంటీ?" అని వాడు చెంప ఆనించాడు, చేత్తో తడిమాడు, మురిసిపోయాడు.

"అబ్బ! నీళ్లు నిజంగానే తగులుతున్నాయి!"