పెన్సిల్ జారిన చోట

శివారు దాకా పొడిగించే మెట్రో సొరంగం ఆ ఒక్కచోట ఎందుకు వంకర తిరగాలని మీటింగులో రెండు గంటలుగా కొట్టుకుంటున్నారు. ఆ వంకరకే రెండు వందల కోట్లు అదనం.

"తిన్నగా వెళ్తే కింద రాయి గట్టిదండీ. మావాళ్లు తవ్వి చూశారు," అన్నాడు చీఫ్ ఇంజనీరు. అక్కడ ఎవరూ గడ్డపార కూడా దించలేదు.

"రాయీ లేదు, రప్పా లేదు. వంపులో మీ బావమరిది స్థలం ఉంది. కాగితాలు నా దగ్గరున్నాయి," అని కాలనీ సంఘం ప్రెసిడెంటు ఫైలు ఊపాడు. అది ఖాళీ ఫైలని వెనక కూర్చున్న నాకు కనిపిస్తూనే ఉంది.

ఆ సొరంగం నక్షా గీసింది నేనే. నా బల్లకి ఒక పగులుంది. పెన్సిల్ అందులో పడి పక్కకి జారింది, అంతే. ఆ జారుడుకి ఒకడు రాయిని పుట్టించాడు, ఇంకొకడు బావమరిదిని పుట్టించాడు. సిగ్గూ శరం లేని మనుషులు.

ఉండబట్టలేక లేచాను. "సార్, ఆ వంపు..."

"ఒక్క నిమిషమమ్మా." చీఫ్ ఇంజనీరు నక్షా మీద వేలు పెట్టాడు. "వంపు దగ్గరే స్టేషన్ వస్తుంది. ఇదిగో, పాల డిపో ఎదురుగా. ఆఁ, ఇప్పుడు చెప్పు."

సర్వే నంబర్లు తప్ప వీధులు లేని నక్షాలో నేనది గమనించనే లేదు. ఆ పాల డిపో పై వాటాలోనే మేం ఉండేది. రోజూ రెండు బస్సులు మారి ఆఫీసుకి వస్తాను.

అందరూ నా వైపే చూస్తున్నారు.

"రాయి గట్టిదే సార్," అన్నాను. "తవ్వినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను."