మీటరు ముల్లు

మీటరులో ముల్లు మళ్ళీ పక్కకు జారిపోయింది. నరసన్న గుండె కూడా దాంతోపాటే జారింది.

"దీని దుంప తెగ! పొద్దున ఒక లెక్క, ఇప్పుడొక లెక్క. దీన్ని నమ్ముకుని నేనేం చెప్పేది?" అని విసుక్కున్నాడు సర్వే ఆఫీసరు శేషగిరి.

చెప్పకపోతే ఎట్లా? పత్తికొండ చుట్టుపక్కల ఏళ్ళ తరబడి వాన మొహం చూసినవాడు లేడు. నరసన్న బావిలో గబ్బిలాలు కాపురం పెట్టాయి. ఊళ్ళో సగం మంది వాకిళ్ళకు ముళ్ళకంప అడ్డం పెట్టి ఎటో పోయారు. నరసన్న పెళ్ళాం ఉరుకుందమ్మ కూడా మూటలు కట్టి బండికెక్కించేసింది. ఆదోని పోయి ఏ పత్తి మిల్లులోనో బస్తాలు మోసుకుని బతకాలి. సొంత చేను పెట్టుకుని కూలికి పోవడం కన్నా ఆ బావిలోనే దూకడం మేలనిపించింది నరసన్నకు. దూకుదామంటే అందులో నీళ్ళుంటే గదా!

సరిగ్గా ఆ పొద్దే జీపులో ఈ మీటరు పెట్టె దిగింది.

నిరుడు పక్కూరికి ఇట్లాంటి పెట్టే వచ్చింది. నేలలో ఇనుప మేకులు దిగ్గొట్టారు. తీగలు లాగారు. ముల్లు చూసి, ఇక్కడ తవ్వమన్నారు. తవ్వితే జల పడింది. ఇప్పుడు అవే మేకులు, అవే తీగలు తన చేలోకి నడిచొచ్చాయి. నరసన్న బండికి కట్టిన ఎద్దుల్ని విప్పేశాడు.

"పెట్టె ఏం చెప్తాదో చూసినంకనే పోదాంలే" అన్నాడు పెళ్ళాంతో.

తీరా చూస్తే పెట్టెకే జబ్బు.

శేషగిరి కోస్తా నుంచి వచ్చినవాడు. పనిమంతుడే. బ్యాటరీలు మార్చాడు. తీగల కొసలు గీకి మళ్ళీ బిగించాడు. ముల్లు మాత్రం దారికి రాలేదు. చివరికి సంచిలోంచి ఒక తీగచుట్ట తీశాడు. దాని కొలత ముందే తెలుసు. పెట్టెకు తగిలిస్తే ముల్లు ఎర్రగీత మీద నిలబడాలి. పొద్దున నిలబడింది. ఇప్పుడు ఎండెక్కాక తగిలిస్తే గీత దాటి పోయింది.

"ఓహో, ఎండ! పెట్టె లోపల వేడెక్కిపోతోంది. నీడ ఉంటే గానీ ఇది సరైన లెక్క చెప్పదు" అన్నాడు శేషగిరి.

ఆ చేలో నీడ ఎక్కడిది? నరసన్న ఇంటికి పరిగెత్తి ఎద్దుల కొట్టం మీది కప్పంతా పీకేశాడు. ఆ వాసాలూ ఆ గడ్డీ మోసుకొచ్చి చేలో పందిరి వేశాడు.

"నీకేమన్నా మతి పోయిందా? రేపు ఎద్దులు యాడ నిలబడల్ల?" అని ఉరుకుందమ్మ వెంటబడి మరీ తిట్టింది.

"నోర్మూసుకోవే. నీళ్ళు పడనీ, వాటికి మిద్దె కట్టిస్తా."

పందిరి కింద పెట్టె చల్లబడింది. తీగచుట్ట తగిలిస్తే ముల్లు బుద్ధిగా ఎర్రగీత మీద నిలబడింది. కానీ మేకుల తీగలు తగిలించేసరికి మళ్ళీ వణుకుడు మొదలైంది.

"నేల మరీ పొడిగా ఉందోయ్. మేకులకు పట్టు దొరకడం లేదు. వాటి చుట్టూ బాగా తడపాలి. నీళ్ళు తెప్పించు."

నీళ్ళు! ఆమడ దూరం నడిచి తెచ్చిన కడవ ఒక్కటే ఉంది ఆ ఇంట్లో. అది దారిలో తాగడానికి. ఉరుకుందమ్మ ఈసారి తిట్టలేదు. కడవ నెత్తిన పెట్టుకొచ్చి తానే మేకుల మొదట్లో పోసింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"తాగే నీళ్ళు మన్నుకు పోస్తాండా. తల్లీ గంగమ్మా, ఇంక నీ దయ."

నేల తడి పీల్చుకునేదాకా ఆగాలి. శేషగిరి బీడీ వెలిగించాడు. "ఈ ప్రాంతంలో పూర్వం రాగి తీసేవాళ్ళటగా?" అని అడిగాడు.

"తీసేటోళ్ళు సామీ. మా తాత శానా తీసినాడంట. ఈ చేలోనే."

"ఈ చేలోనేనా!" శేషగిరి లేచి కూర్చున్నాడు.

"ఈడనే. మా నాయన కాలానికి నిలిచిపాయె."

"ఏం ఫరవాలేదు. మళ్ళీ తీయొచ్చు. పెట్టె ఒప్పుకోవాలి, అంతే."

నరసన్నకు నోట్లో నీళ్ళూరాయి. పొగలు కక్కే సంకటి ముద్ద తిని ఎన్నాళ్ళయిందో! ఆఫీసరైతేనేం, నేల గుణం తెలిసినవాడు అనుకున్నాడు.

శేషగిరి మీట తిప్పాడు. ముల్లు ఈసారి వణకలేదు. సరసరా ఎడమకు వాలి నిలబడింది. అతనికి నమ్మకం కుదరలేదు. తీగచుట్ట తగిలించి చూస్తే పెట్టె సరిగ్గానే ఉంది. మేకులు పీకి ఇంకోచోట పాతాడు. అక్కడా వాలింది. ఊరి మొదటి ఇళ్ళదాకా తీగలు లాగాడు. అక్కడ ఇంకా వాలింది.

"ఉందోయ్ నరసన్నా! బ్రహ్మాండంగా ఉంది! నీ చేను నుంచి మీ ఊరి కిందిదాకా ఉంది!"

నరసన్న అతని కాళ్ళ మీద పడిపోయాడు. చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. ఉరుకుందమ్మ ఇంటికి పరిగెత్తి బండిలోంచి మూటలు దించి, కట్లు కూడా విప్పేసింది.

"పోయినోళ్ళందరికీ కబురు పెట్టండప్పా! ఎవురూ ఊరు ఇడిసి పోయే పన్లేదింక!" అని నరసన్న ఊరికేసి కేకలు పెట్టాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని చేతులు కట్టుకున్నాడు. "బాయి ఎప్పుడు తవ్వుతారు సామీ?"

"బావి ఏమిటోయ్," అన్నాడు శేషగిరి తీగలు చుట్టుకుంటూ, "మేం వెతికింది చెంబులూ బిందెలూ చేసే రాగి, గని తవ్వాలంటే ముందు మీ ఊరంతా ఖాళీ చేయించాలి."