నరం కనబడని బొమ్మ

"కాలైనా తీసుకో సామీ, మెట్టెలు మాత్రం తీయనియ్యను!"

భీమక్క అరుపుకి ఆదోని కొండల మీది కోతులు కూడా ఉలిక్కిపడి ఉంటాయి. ఎక్స్‌రే బల్ల మీద కూర్చున్న కోడలు దేవక్క మాత్రం తలెత్తలేదు. అత్త అరవడం ఆమెకు కొత్తా? కొత్తదల్లా కాలిలోని మంటే. వేళ్ల మొదట్లో ఎవరో నిప్పుకణిక పెట్టి ఊదుతున్నట్టు ఒకటే మంట. కలుపుకు పోతే సాలు సగం కాకముందే కూలబడుతోంది. ఎమ్మిగనూరు మంత్రగాడు దిష్టి అన్నాడు. నందవరం నాటువైద్యుడు వాతం అన్నాడు. ఒకడు వేపమండ తిప్పాడు, ఒకడు వాత పెట్టాడు. మంట ఇద్దరినీ చూసి నవ్వుకుని ఇంకాస్త పెరిగింది. కుంటిదాన్ని కూలికి ఎవరు పిలుస్తారన్న దిగులే ఆమెను బస్సెక్కించి ఇంతదూరం తెచ్చింది.

"వెండి ఉంటే బొమ్మలో దాని నీడ పడుతుందమ్మా. కింద ఎముక కనపడదు," అన్నాడు డాక్టరు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మాట మెత్తన.

"మొగుడు బతికుండంగా మెట్టెలు తీస్తారా యాడన్నా? నా కొడుకు బొంబాయిలో రెక్కలు ముక్కలు చేసుకుంటాండాడు. వానికి కీడు జరిగితే నువ్వు తెచ్చిస్తావా?"

కాంపౌండరు వీరన్న నవ్వాడు. "ఏమవ్వా, నీ కొడుకు పానమంతా ఈ మెట్టెల్లోనే ఉంటే, బొంబాయిలో వానికి ఇంక అన్నమెందుకు, నీళ్లెందుకు?"

భీమక్క నోరు ఠక్కున మూతపడింది. దేవక్క అప్పుడు తలెత్తి చూసింది. అత్త నోరు మూయించిన మగాడిని ఆమె ఇంతవరకు చూడలేదు.

నిజానికి అత్తకు ఈ మెట్టెల పిచ్చి ముందు లేదు. మొన్న కార్తీకంలో పట్టుకుంది. ఆమె కొడుకు కాశప్పతో పాటు బొంబాయి పనికి పోయిన కోసిగి ఊరి ఉరుకుందప్ప, కాశప్ప కంబళి ఇచ్చి పోదామని వచ్చాడు. దేవక్క చేను నుంచి వచ్చేసరికి వాకిట్లో అత్త పక్కన నిలబడి ఉన్నాడు.

"మా ఇంటాయన ఎట్లుండాడన్నా?" అని ఆమె ఆత్రంగా అడిగింది.

కంట్లో నలక పడిందని అతను మొహం తిప్పుకున్నాడు. "బాగుండాడమ్మా," అన్నాడు. మజ్జిగ తెస్తానన్నా ఆగలేదు.

ఆ మర్నాడే భీమక్క తన చేతి వెండి కడియం కంసాలి ముందు పెట్టి, కోడలికి కొత్త మెట్టెలు చేయించింది. అట్లాంటిట్లాంటివి కావు. బండిచక్రానికి వేసే ఇనుపపట్టాలంతటివి, రెండో వేలికొకటి, మూడో వేలికొకటి. "ఎప్పటికీ జారిపోగూడదప్పా, బాగా బిగించు," అని కంసాలి ప్రాణం తీసింది. మంత్రాలయం పోయినప్పుడల్లా గాజులు తెచ్చి మోచేతుల దాకా తొడిగింది. కోడలు పూలు పెట్టుకోకపోతే ఆ పూట ఇంట్లో యుద్ధమే. ఊళ్లో ఎవరన్నా కాశప్ప పేరెత్తితే చాలు, కోడలి రెక్క పట్టుకుని లాక్కొచ్చేది. ఆ కంబళిని మాత్రం ఉతకనిచ్చేది కాదు. వాసన చూస్తూ కూర్చునేది. ముసల్దానికి చాదస్తం ముదిరిందని దేవక్క లోలోపల తిట్టుకునేది.

డాక్టరు మళ్లీ అన్నాడు. "చూడు పెద్దమ్మా, ఇలాగే వదిలేస్తే ఈ అమ్మాయి జన్మంతా కుంటుతుంది. రేపు తన కూలి తను చేసుకుని బతకాలంటే కాలుండాలి కదా."

భీమక్క ఆ మాటకు కోడలి వంక చూసింది. తరువాత కొంగు బిగించి, "సబ్బుముక్క ఉందా సామీ?" అంది.

ఇప్పుడు దేవక్కకు భయం పట్టుకుంది. "వద్దత్తా! ఆయనకు కీడు!"

"నేను తీస్తే ఏం కాదులేమ్మే. వాన్ని కన్నదాన్ని."

అత్త సబ్బు నురగ పట్టించి ఒక్కొక్కటే తిప్పింది. మెట్టెలు ఊడివచ్చేసరికి దేవక్క పాదం మీద సబ్బు కంటే అత్త కన్నీళ్లే ఎక్కువ. భీమక్క వాటిని కొంగున ముడేసుకుంది.

నల్లటి పలక మీద కాలు పెట్టించి, ఊపిరి కూడా గట్టిగా తీయొద్దన్నాడు వీరన్న. మిషను తేనెపట్టు కదిపినట్టు జుమ్మంది. కాసేపటికి తడి ఆరని బొమ్మను డాక్టరు కిటికీ వెలుగులో ఎత్తి పట్టాడు. చెరుకు కణుపుల్లాంటి తన ఎముకలను చూసి దేవక్క గుడ్లప్పగించింది.

"ఎముక విరగలేదు, పుచ్చలేదు," అన్నాడు డాక్టరు.

"మరి మంట యాడిది సామీ? నరం ఏదీ?"

"నరం బొమ్మలో పడదమ్మా. ఎముకలో తప్పు లేదని తేలింది కాబట్టి, ఇక నరం సంగతి చేత్తోనే చూడాలి." ఆయన ఆమె పాదాన్ని రెండువైపుల నుంచీ నొక్కాడు. దేవక్క కెవ్వుమంది. "ఇదే. వేళ్ల మధ్య నరం నలిగి వాచింది. ఆ బిగుతు మెట్టెలే నలిపాయి. ఇంకెప్పుడూ వేయొద్దు."

భీమక్క గోడకు జారగిలబడింది. "నేనే బిగించమంటి. నా చేతులారా నేనే..."

దేవక్క ఆ మాట పట్టించుకోలేదు. కాలు నిలుస్తుందన్న సంతోషం ఎంతసేపో నిలవలేదు. బోసి వేళ్లు చూసుకుని వాటిని చీర కుచ్చెళ్ల కింద దాచుకుంది.

"మెట్టెల్లేకుండా ఊర్లోకి ఎట్ల పోయేదత్తా? ఉగాదికి ఆయనొస్తాడు. ఇయ్యి, వేసుకుంటా. మండితే మండనీ."

ఆమె అత్త కొంగుముడి అందుకోబోయింది. భీమక్క దాన్ని గుప్పిట్లో బిగించింది.

"ఇయ్యత్తా! మెట్టెలేవే అని ఆయనడిగితే నేనేం చెప్పేది?"

భీమక్క కింద కూర్చుని, కోడలి పాదాన్ని ఒళ్లోకి తీసుకుంది.

"అడిగేటోడు లేడు తల్లీ."