అంతర్వేది అంకె

తెల్లవారి ఆరు గంటలకు అంతర్వేది నుంచి ఆ అంకె వస్తేగాని కోనసీమ వాతావరణ గ్రూపుకు తెల్లారినట్టు కాదు.

పదిహేడు పాయింట్ రెండు. పదహారు పాయింట్ తొమ్మిది. అంతే, ఇంకో మాట ఉండదు.

పంపేది బాపిరాజు గారు. నలభై ఏళ్లుగా పెరట్లో థర్మామీటరు చూసి పుస్తకంలో రాసుకుంటున్న కొబ్బరి రైతు. గ్రూపులో ఆయన్ని కళ్లతో చూసినవాళ్లు లేరు. ఆయన అంకెను అనుమానించినవాళ్లూ లేరు.

గ్రూపు అడ్మిన్ గోపీకృష్ణకు రాజోలులో ఫ్యాన్ల కొట్టు. చలికాలం బేరాలు ఉండవు కాబట్టి రోజంతా గ్రూపులోనే కాపురం.

ఆ వారం చలి ముదిరింది. లంబసింగిలో సున్నాకు దిగుతుందని, మంచు కురిసినా కురవొచ్చని ఎవరో రాశారు. రోజూ రోడ్డుకు అడ్డం పడే పొగమంచు కాదు, సినిమాల్లో దూదిలా రాలే మంచు. ఇక గ్రూపులో ఎవరికీ కాలు నిలవలేదు. శనివారానికి వ్యాను మాట్లాడుకున్నారు. మంకీ క్యాపులు కొనుక్కున్నారు.

బాపిరాజు గారు మాత్రం ఒక్క ముక్క రాశారు.

"నేను రాలేనండి. పడితే ఫోటో పెట్టండి. ఈ ఒక్కటీ చూడకుండా మిగిలిపోయింది."

గోపీకృష్ణ దానికొక దండం బొమ్మ పెట్టి, వ్యానులో కిటికీ సీటు ఎవరిదన్న తగువు తీర్చడంలో పడిపోయాడు.

బుధవారం ఆరింటికి అంతర్వేది అంకె మామూలుగానే వచ్చింది. పదహారు పాయింట్ నాలుగు.

మరో పది నిమిషాలకు, ఆ పూటే లింకు పట్టుకుని చేరిన పేరు లేని నంబరు నుంచి ఒక ఫోటో వచ్చింది. కిటికీ బయట మందార మొక్కల మీద తెల్లగా పొడి.

"అంతర్వేదిలో ఇయ్యాల మంచు పడిందండి. మీ ఊళ్లో కూడా పడిందని ఒక్కరు రాయండి, చాలండి."

గ్రూపు గొల్లున నవ్వింది. గోపీకృష్ణ ఫోటోను పెద్దది చేసి చూశాడు. ఒక మూల ప్లాస్టిక్ ట్రే, దాని అంచుకు అంటుకున్న చేప పొలుసు. దొంగ దొరికాడని ఎంత సంబరపడ్డాడో చెప్పలేం.

"ఇది చేపల మీద వేసే ఐసు పొడి. పదహారు డిగ్రీల్లో మంచు పడదు. మీ ఊళ్లోనే బాపిరాజు గారు ఉన్నారు. నిజం రాయడమంటే ఏమిటో వెళ్లి ఆయన దగ్గర నేర్చుకో."

అలా రాసి ఆ నంబరును గ్రూపులోంచి తీసేశాడు. ముప్పై మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

గురువారం అంతర్వేది అంకె రాలేదు.

శుక్రవారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు.

శనివారం అందర్నీ వ్యాను ఎక్కించి, తను మాత్రం ఆగిపోయి, గోపీకృష్ణ బండి మీద అంతర్వేది వెళ్లాడు. ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. ముందు షామియానా వేసి ఉంది.

అరుగు మీద బాపిరాజు గారి భార్య ఉమాదేవి గారు కూర్చుని ఉన్నారు. అతను పేరు చెప్పగానే ఆమె లేచి కుర్చీ వేయించారు.

"గురువారం తెల్లవారుజామున పోయేరండి."

నాలుగేళ్లుగా పక్షవాతంతో కిటికీ పక్క మంచానికే అంటుకుపోయారట. డాక్టరు ఇక రోజులే అన్నాక, ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే సింహాద్రి బుధవారం తెల్లవారకముందే ఆరు ట్రేల ఐసు పొడి మోసుకొచ్చాడట. కిటికీ పైన రేకుల మీదకెక్కి, జల్లెడతో మెల్లగా రాల్చాడట.

"నోరు వంకరపోయేక ఆయన నవ్వడం అదే మొదటిసారి చూడడమండి. కానీ ఆయన పద్ధతి మీకు తెలుసు కదండీ. విశేషమేదైనా ఒక్క చోటే చూస్తే పుస్తకంలో ఎక్కించరు. ఇంకో ఊళ్లో కూడా చూసినవాళ్లు ఉండాలి. గ్రూపులో ఎవరికైనా పడిందేమో కనుక్కోరా అన్నారు సింహాద్రితో."

తను రాసింది ఆయన చూశారా అని గోపీకృష్ణ అడిగాడు.

"ఆయ్, నేనే చదివి వినిపించేనండి. ఏం రాసేరో ముందు చూసుకోలేదు. గోపీకృష్ణ గారు అన్నారంటే నిజమే అయ్యుంటుంది అన్నారు. మొహం గోడవైపు తిప్పేసుకున్నారండి."

ఆమె లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి ఇచ్చారు. బుధవారం 16.4. పక్కన విశేషాలు రాసే చోటు ఖాళీగా ఉంది. తను ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ చోటు నిండేది. గోపీకృష్ణ దాని మీద నుంచి చూపు తీయలేకపోయాడు.

బాపిరాజు గారి ఫోన్లోంచే పంపి ఉంటే అందరూ నమ్మేవాళ్లు కదా, అన్నాడు చివరికి.

"నేనూ అదే అన్నానండి. రాజు గారి నంబరు నించి అబద్ధం పంపడానికి చెయ్యి రావట్లేదమ్మగారూ, నాదాంట్లోంచి పెడతానన్నాడు సింహాద్రి. పాడె మోసి వెళ్లినవాడు మళ్లీ ఈ గుమ్మం ఎక్కలేదండి."

గోపీకృష్ణ పేజీలు వెనక్కి తిప్పాడు. ఒక్క రోజూ తప్పిపోలేదు. కొట్టివేతలు లేవు. గుండ్రటి అక్షరాలు.

"చెయ్యి పడిపోయాక కూడా రాజు గారు ఇంత చక్కగా ఎలా రాశారండీ?"

ఉమాదేవి గారు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

"ఆయన రాయలేదండి, నాలుగేళ్ల నించీ రోజూ తెల్లారి ఐసు ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వచ్చి, థర్మామీటరు చూసి, పుస్తకంలో ఎక్కించి, మీకు పంపిందంతా ఆ సింహాద్రేనండి."